నంజుకోవడానికి కాల్చిన కేల్ ఆకులు

ఆకుకూర చేతికి రాగానే సన్నగా తరిగేయడం మనకి అలవాటు. గ్రిల్ మీద చేసేటప్పుడు మాత్రం తరగకండి, తరిగిన ఆకు సగం కమ్మీల సందుల్లోంచి బొగ్గుల్లోకి జారిపోతుంది, మిగతా సగం మసైపోతుంది. ఆకు కాడతో సహా అలాగే పెట్టాలి, తరగడం కాలిన తరవాత.

ఇక్కడ అమెరికాలో ఎండలు మొదలైతే పెరట్లో గ్రిల్ వెలిగించడం మామూలే. మొక్కజొన్న పొత్తులు, పనీర్ ముక్కలు అందరికీ సరిపోతాయి గానీ పాలు, నెయ్యి ముట్టని వేగన్ స్నేహితులొస్తే పొత్తు ఒక్కటే పెట్టి ఊరుకోలేం కదా. అలా ఆకుల మీద పడ్డాను. పాలకూర వద్దు, కట్టంతా వేస్తే నీరు కారి గుప్పెడు ముద్ద మిగిలింది. తోటకూర ఆకు మాడిపోయినా కాడ ఇంకా పచ్చిగానే ఉంది. కేల్ క్యాబేజీ జాతి ఆకుకూర, మందంగా, కాస్త మొండిగా ఉంటుంది కాబట్టి సెగకి నిలబడుతుంది. ముడతల కేల్ కన్నా పొడుగ్గా, నల్లపచ్చగా ఉండే లాసినాటో రకం మేలు, చదునుగా ఉంటుంది కాబట్టి సమంగా కాలుతుంది.

అసలు పనంతా ఆరబెట్టడంలోనే ఉంది. తడి ఉంటే ఆకు కాలదు, ఉడుకుతుంది. నేను కడిగి దులిపి, పాత నూలు తువ్వాలు మీద పరిచి, పైన ఇంకోదాంతో అద్ది అరగంట వదిలేస్తాను. కాడ చివర రెండంగుళాలు కోసేయండి, అది ఎంత కాల్చినా నమలలేం.

పన్నెండు ఆకులకి ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె చాలు. వెడల్పు బేసిన్‌లో వేసి, ఆవకాయ ముక్కలకి పట్టించినట్టు రెండు నిమిషాలు చేత్తో పట్టించండి, ఆకు రంగు ముదిరి మెత్తబడుతుంది. ఉప్పు గ్రిల్ మీద పెట్టబోయే ముందే చల్లండి, ముందుగా వేస్తే మళ్లీ నీరొస్తుంది. నూనె ఎక్కువైతే బొట్లు పడి మంట లేచి ఆకుకి పొగచూరు వాసన పడుతుంది.

నిన్న అదే గ్రిల్ మీద చికెన్ కాల్చి ఉంటే, వేడెక్కాక బ్రష్‌తో గట్టిగా గీకి, సగం ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి నూనెలో ముంచి కమ్మీలు రుద్దేయండి. వేగన్లకే కాదు, మన ఇళ్లల్లో శాకాహారులకి కూడా ఇది పట్టింపే.

కమ్మీలకి నాలుగైదు అంగుళాల ఎత్తున అరచెయ్యి పెట్టి మూడు నాలుగు లెక్కపెట్టేసరికి తీసేయాలనిపిస్తే వేడి సరిపోయినట్టే. ఆకులు ఒక్క వరసగా పరవండి. ముందు సుయ్‌మంటుంది, తరవాత చిటపటలు, నిమిషం దాటేసరికి అంచులు గోధుమరంగుకి తిరిగి వంకరపోతాయి. పట్టకారుతో తిప్పి ఇంకో నిమిషం. అక్కణ్ణించి కదలకండి, ఫోన్ మోగిందని లోపలికెళ్లొచ్చేసరికి నాకు పన్నెండు నల్ల అప్పడాలు మిగిలాయి.

దింపాక కత్తెరతో పెద్ద ముక్కలు చేసి నిమ్మరసం పిండి, వేయించిన నువ్వుల పొడో పల్లీ కారమో చల్లితే చాలు, పప్పన్నంలోకి భలే ఉంటుంది. వేడి మీదే తినాలి, చల్లారితే కరకర పోతుంది.

అపార్ట్‌మెంట్‌లో గ్రిల్ లేదంటే ఇనప పెనం బాగా కాల్చి, ఆకుల మీద బరువైన మూత నొక్కి పెట్టండి. పుల్కా జాలీ మీద మాత్రం వద్దు, నూనె బర్నర్‌లో పడుతుంది. కేల్ దొరక్కపోతే క్యాబేజీ ఉందిగా: మధ్యలో తొడిమ తియ్యకుండా అంగుళం మందాన కోయండి, అది ఉంటేనే రేకలు విడిపోవు. ఒక్కో వైపు అయిదారు నిమిషాలు పడుతుంది, ఆ కాస్సేపు ఫోన్ ఎత్తినా ఫరవాలేదు.