మొదటి బండి కొంటున్నారా? పొట్టివారికి, కొత్తవారికి కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం తెలిసిన అమ్మాయికి చీలమండ విరిగింది. వేగం లేదు, వాన లేదు, ఎదురుగా లారీ లేదు. గేటు ముందు బండి ఆపుతూ ఎడమ కాలు దించింది. సరిగ్గా అక్కడ నేల నాలుగు వేళ్ల మేర పల్లంగా ఉంది. కాలు అందలేదు, బండి ఒరిగింది. దాదాపు రెండు వందల కిలోల బరువును పట్టి ఆపబోతే అది వచ్చి కాలి మీదే పడింది. బండి కొని నెల కూడా కాలేదు.

హెల్మెట్ పెట్టుకోండి, తాగి నడపకండి అని ఇక్కడ చెప్పబోవడం లేదు. అవి తెలియనివారు లేరు. చెప్పాల్సింది, బండి రోడ్డెక్కకముందే, డబ్బు కట్టేటప్పుడే జరిగిపోయే తప్పు గురించి.

"ఇప్పుడు కాస్త పెద్దగా అనిపించినా నడపగా నడపగా అలవాటవుతుందిలే" అనుకుని కొనడమే ఆ తప్పు. పిల్లలకు ఒక సైజు పెద్ద చొక్కా కొన్నట్టు బండి కొంటారు. పిల్లలు ఎదుగుతారు, మీ కాళ్లు ఎదగవు. బండి బరువూ తగ్గదు. ఈ సలహా ఇచ్చేవారు తరచుగా ఆరడుగుల మిత్రులే కావడం గమనించండి. వారికి ఆ బండి మొదటి రోజే సరిపోయింది, అలవాటు చేసుకోవాల్సిన అవసరమే రాలేదు.

ఎత్తు

కంపెనీ కాగితంలో రాసే సీటు ఎత్తు ఒక్కటే చూసి నిర్ణయించకండి. సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకుని, కాలి పొడవులో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. ముందు భాగం సన్నగా ఉన్న 790 మిల్లీమీటర్ల సీటు మీద కాళ్లు అంది, వెడల్పాటి 765 సీటు మీద అందకపోవచ్చు. ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. మనిషి కూర్చోగానే సస్పెన్షన్ కొంత కుంగుతుంది. బరువైన మనిషి కూర్చుంటే బాగా కుంగుతుంది, సన్నటివారు కూర్చుంటే అంతగా కుంగదు. అంటే అదే బండి పొట్టిగా, సన్నగా ఉన్నవారికి మరింత ఎత్తుగా తగులుతుంది. వెనక షాక్ అబ్జార్బర్ బిగువును బాగా తగ్గించి పెట్టించి, ఆ తర్వాత కూర్చుని చూడండి.

రెండు మడమలూ నేలకు ఆనాల్సిన పని లేదు. రెండు పాదాల ముందు భాగాలు గట్టిగా ఆనితే, లేదా కొద్దిగా పక్కకు జరిగి ఒక పాదం పూర్తిగా ఆనించగలిగితే చాలు. బొటనవేలి కొనలతో నిలబెట్టే నేర్పరులు ఉన్నారు. ఆ నేర్పు వచ్చాక ఆ బండి కొనుక్కోవచ్చు.

బరువు

నిజానికి ఎత్తు కన్నా పడేసేది ఇదే. హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు 805. తేడా 20 మిల్లీమీటర్లే. బరువులో మాత్రం ఒకటి 112 కిలోలు, రెండోది 195. కూర్చుని చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఒరిగినప్పుడు తెలుస్తుంది 83 కిలోలంటే ఏమిటో. సీటు కిందికి ఉంది కదా అని తక్కువ ఎత్తు క్రూయిజర్ల వైపు పరుగెత్తకండి. హోండా రెబెల్ 500 సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లే, బరువు మాత్రం 190 కిలోల దగ్గర. కిందికి ఉన్నంత మాత్రాన బండి తేలిక కాదు. పైగా ట్యాంకు నింపితే లీటరుకు ముప్పావు కిలో చొప్పున బరువు పెరుగుతుంది, అదీ బండి పై భాగంలో.

అందుకే షాపులో కూర్చుని ఫొటో దిగడం కాదు, తోసి చూడాలి. ఇంజను ఆపి, ఎడమ పక్కన నిలబడి పది అడుగులు ముందుకు తోయండి, వెనక్కి లాగండి, ఇరుకులో తిప్పండి. సీటు మీద కూర్చుని కాళ్లతోనే వెనక్కి నడపండి. సెంటర్ స్టాండు ఉంటే వేసి తీయండి. ఇదంతా చేస్తున్నంతసేపూ షాపు కుర్రాడు మర్యాద కొద్దీ వెనక కమ్మీ పట్టుకుని ఉంటాడు. చెయ్యి తీసి దూరంగా నిలబడమనండి. అతను పట్టుకుంటే తేలికగా కదిలిన బండి మీ గేటు ముందు తేలికగా కదలదు. తోయలేకపోతే కొనకండి. అలవాటు కాదు.

శక్తి

దీని గురించి ఎక్కువ చెప్పను. ఐరోపాలో లైసెన్సులే మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో 125 సీసీ, 11 కిలోవాట్లు దాటకూడదు, తర్వాతి మెట్టులో 35 కిలోవాట్లు. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకున్నా ఆ క్రమం పాటించండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి దొరికితే లేనిదాని వంక చూడకండి.

"కొని, కిందికి దింపించుకుంటాను"

ఇది అదే పాత తప్పు, వేషం మార్చుకుని వస్తుంది. వెనక సస్పెన్షన్ లింకులు మార్చి బండిని దింపితే ముందు భాగం లేచి, హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలో కొడుతుంది, హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది. మలుపులో పక్కకు వాలినప్పుడు అడుగు భాగం తొందరగా రోడ్డుకు రాసుకుంటుంది. అన్నిటికన్నా చిత్రం సైడ్ స్టాండు. బండి దిగింది, స్టాండు పొడవు మారలేదు. బండి ఒరగకుండా నిటారుగా నిలబడుతుంది, చిన్న తాకిడికి కుడివైపు పడిపోతుంది. మార్పు తప్పదనుకుంటే ముందు సీటు నురుగు పక్కలు సన్నగా చెక్కించండి. అదీ చాలకపోతే అది మీ బండి కాదు.

ఇక మిగిలినవి వరసగా:

- క్లచ్, బ్రేకు మీటలు వేళ్లకు అందుతున్నాయో లేదో చూడండి. చేతులు చిన్నవైతే దూరం సరిచేసుకునే మీటలు వేయించండి. ట్రాఫిక్‌లో గంట గడిచాక క్లచ్ నొక్కలేని చెయ్యి ఎందుకూ పనికిరాదు.
- మందపాటి అడుగున్న, చీలమండ కప్పే బూట్లు. చెప్పులు వద్దు. బండి ఎక్కి చూసేది కూడా ఆ బూట్లతోనే.
- హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు నెమ్మది వేగంలో ముందు బ్రేకు నొక్కకండి. తిరిగిన వైపే పడతారు. నిటారు చేసి ఆపండి.
- ఆపబోయే చోటు నేలను ముందే చూడండి. గుంట, కంకర, నూనె మరక. రెండడుగుల ముందు ఆపితే పోయేదేమీ లేదు.
- దిగువకు వాలిన చోట గోడకు ఎదురుగా పెట్టకండి. వెనక్కి లాగలేరు.
- బండి పూర్తిగా ఒరిగిపోతే వదిలేయండి. వదిలేసి పక్కకు తప్పుకోండి. ఇండికేటరు దొరుకుతుంది, చీలమండ దొరకదు.
- లేపేటప్పుడు ఇంజను ఆపి, గేరులో పెట్టి, కుడివైపు పడి ఉంటే ముందే సైడ్ స్టాండు వేసి ఉంచి, వీపు సీటుకు ఆనించి కాళ్ల బలంతో లేపండి. నడుము వంచకండి.
- ఇంట్లో ఉన్న అన్నయ్య హెల్మెట్ వద్దు. మీ తలకు సరిపోయేది కొనండి. పట్టీ బిగించాక తల ఊపితే కదలకూడదు.
- సెకండ్ హ్యాండ్ బండి సిగ్గుపడే విషయం కాదు. మొదటి బండి ఎలాగూ ఒకసారి కింద పడుతుంది.
- "తర్వాత మళ్లీ మార్చడం ఎందుకు, ఇప్పుడే పెద్దది తీసుకో" అన్న మాట వినకండి. మార్చుకోవచ్చు. చిన్న బండి మళ్లీ అమ్ముడుపోతుంది.
- మీ ఎత్తు వారే నడుపుతున్న బండి చూసి ధైర్యం తెచ్చుకోకండి. వారికి అది ఎన్నో బండో అడగండి.
- చెయ్యి తిరిగేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. అలవాటవుతుందని పెద్ద బండి కొనిపించబోయిన ఆ మిత్రుడిని అసలే ఎక్కించుకోకండి.