శబ్దాన్ని కళ్లతో చూడటం ఎలా? తాడుతో, పళ్లెంతో, గొట్టంతో

స్పీకర్ మీద గిన్నె పెట్టి, అందులో ఉప్పు చల్లి, మంచి బీటున్న పాట పెడితే ఉప్పు గంతులేస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. అంతకుమించి దాంతో తెలిసేది పెద్దగా ఉండదు. పాటలో ఎన్నో స్వరాలు ఒకేసారి కలగలిసి వస్తాయి, ఏ స్వరానికి ఉప్పు ఎలా కదిలిందో విడదీయలేం. ఒక్క స్వరాన్నే ఆపకుండా మోగించి, ఎగిరే రేణువుల్ని కాకుండా ఎగరని వాటిని గమనించండి. అసలు సంగతి అక్కడ దొరుకుతుంది. కింది ప్రయోగాలన్నిటిలోనూ చేసేది అదే: కదలని చోటు వెతకడం, దాని దూరం కొలవడం.

ముందు తాడు

కాస్త లావుపాటి నైలాన్ తాడు నాలుగైదు మీటర్లు తీసుకోండి. బట్టలారేసే తాడు చాలు. ఒక కొసని కిటికీ ఊచకి గట్టిగా కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని, తాడు నేలకి తగలనంత బిగువుగా నిలబడండి.

చేతిని నాలుగు వేళ్ల మందం మేర మాత్రమే పైకీ కిందకీ ఆడించండి. మొదట తాడు పిచ్చిపిచ్చిగా ఊగుతుంది. వేగం కొద్దికొద్దిగా మారుస్తూ పోతే ఒకచోట తాడంతా ఒకే పొట్టలా ఉబ్బి, చేతికి శ్రమ తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ వేగాన్ని రెట్టింపు చేయండి. పొట్టలు రెండవుతాయి, సరిగ్గా మధ్యలో ఒక బిందువు కదలకుండా నిలబడుతుంది. మూడు రెట్లు చేస్తే మూడు పొట్టలు, మధ్యలో రెండు కదలని బిందువులు. నాలుగో పొట్ట తేవాలంటే మణికట్టుకి మంచి వాటం ఉండాలి.

చేతి నుంచి వెళ్లిన అల ఊచ దగ్గర తలకిందులై వెనక్కి వస్తుంది. వెళ్లేదీ వచ్చేదీ కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి, కొన్నిచోట్ల ఒకదానికొకటి తోడవుతాయి. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో చదివిన స్థిర తరంగం ఇదే. కదలని చోటు అస్పందన స్థానం, పొట్ట నడుమ ప్రస్పందన స్థానం. పక్కపక్కనున్న రెండు అస్పందన స్థానాల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక పూర్తి అల పొడవులో, సగం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, చివరి ప్రయోగం దీనిమీదే నడుస్తుంది.

రెండు పొట్టలు ఆడుతుండగా పక్కవాళ్లని మధ్య బిందువు మీద వేలు తేలిగ్గా ఆనించమనండి. తాడు దాదాపు పట్టించుకోదు. అదే వేలు పొట్ట నడుమ పెడితే ఆట మొత్తం కుప్పకూలుతుంది. తర్వాత తాడుని ఇంకాస్త బిగించి చూడండి, అవే రెండు పొట్టలకి చేయి ఇంకా వేగంగా ఆడించాల్సి వస్తుంది. వీణ బిరడా తిప్పినప్పుడు జరిగేదీ అదే. స్వరం రెట్టింపు ఎత్తుకి పోవాలంటే తీగ బిగువు మాత్రం నాలుగింతలు కావాలి. తీగలు తెగేది అందుకే.

ఇప్పుడు పళ్లెం

ఈ వ్యాసంలో అసలు సరుకు ఇది. కాస్త ఖర్చూ, ఒక రాత్రి ఓపికా కావాలి.

1680లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ గాజు పలక మీద పిండి చల్లి, అంచుని వయొలిన్ వాయించే కమాను లాంటిదానితో రాసి, పిండి గీతలుగా పేరుకోవడం చూశాడు. ఆ పనిని పద్ధతిగా చేసి 1787లో పుస్తకంగా అచ్చు వేయించినవాడు జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ క్లాడ్నీ. అందుకే ఆ బొమ్మలకి అతని పేరే నిలిచింది. 1809లో పారిస్‌లో నెపోలియన్ ఎదుట ప్రదర్శిస్తే, ఈ గీతలకి గణితం చెప్పినవాళ్లకి బహుమతి ప్రకటించారు. మూడోసారి ప్రయత్నించి 1816లో దాన్ని గెలుచుకున్నది ఫ్రెంచ్ గణితవేత్త సోఫీ జర్మెయిన్.

కావలసినవి: పాత హోం థియేటర్‌లోనో కారులోనో తీసిన అయిదారు అంగుళాల స్పీకర్, దానికి సరిపోయే చిన్న ఆంప్లిఫయర్ బోర్డు, 1 మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, ఒక సన్నని బోల్టు, రెండు నట్లు, వాటర్ బాటిల్ మూత, ఎరాల్డైట్ జిగురు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి బోర్డు, స్పీకర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. రేకుని హార్డ్‌వేర్ షాపులోనే 15 సెంటీమీటర్ల చదరంగా కోయించుకోండి, మన పళ్లెం ఇదే. అంతకన్నా పెద్దది వద్దు. ఈ కొలతకి బరువు 60 గ్రాములు వస్తుంది, చిన్న స్పీకర్ కాగితం మోయగలిగేది దాదాపు అంతే.

1. రేకు అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయండి. మూల నుంచి మూలకి రెండు గీతలు గీసి, అవి కలిసేచోట బోల్టుకి సరిపడా రంధ్రం వేయించండి. ఈ రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కకి పోయినా బొమ్మలు ఒకవైపుకి ఒరుగుతాయి.

2. పైన నల్ల స్ప్రే పెయింట్ పలచగా కొట్టండి. తెల్ల రేణువులు అప్పుడే స్పష్టంగా కనబడతాయి.

3. బాటిల్ మూతకి నడుమ రంధ్రం చేసి, బోల్టుని లోపలి నుంచి పైకి దూర్చి, ఒక నట్టుతో బిగించండి. మూత అంచుకి ఎరాల్డైట్ రాసి స్పీకర్ నడుమ ఉన్న గుండ్రటి బుడిపె మీద నిటారుగా అంటించి, రాత్రంతా ఆరనివ్వండి. తొందరపడి తెల్లారకముందే పళ్లెం ఎక్కించారంటే మూత ఊడి చేతికొస్తుంది.

4. పళ్లెం ఎక్కించి రెండో నట్టు బిగించండి. స్పీకర్ కింద అట్టముక్కలు పెట్టి పళ్లెం సమంగా ఉండేలా చూడండి. ఫోన్లలో ఉండే లెవెల్ యాప్ ఇక్కడ బాగా పనికొస్తుంది.

5. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా వేసుకుని ఆంప్లిఫయర్‌కి కలపండి. సైన్ వేవ్ (ఒకే ఒక్క శుద్ధ స్వరం) ఎంచుకుని, వాల్యూమ్ తక్కువలో పెట్టి, 150 హెర్ట్జ్, అంటే సెకనుకి 150 ఊపుల దగ్గర మొదలుపెట్టండి.

6. రేణువులు పలచగా చల్లి, పౌనఃపున్యాన్ని (ఆ హెర్ట్జ్ అంకెని) నెమ్మదిగా పెంచుతూ పోండి.

చాలాసేపు ఏమీ జరగదు. రేణువులు సోమరిగా వణుకుతుంటాయి. ఉన్నట్టుండి ఒక అంకె దగ్గర పళ్లెం గొంతు పెరుగుతుంది, రేణువులు చటుక్కున లేచి పరుగెత్తి గీతల్లోకి చేరతాయి. పళ్లెం కదలని చోట్లు ఆ గీతలే. అక్కడ ఆగి, ఒక్కొక్క హెర్ట్జే అటూ ఇటూ జరపండి. కొద్ది హెర్ట్జ్ పక్కకి పోయినా గీతలు కరిగిపోతాయి. అంకె రాసుకుని, ఫోటో తీసుకుని, మళ్లీ పైకి వెళ్లండి. 2000, 3000 హెర్ట్జ్ దాటేకొద్దీ బొమ్మలు చిక్కగా, అందంగా వస్తాయి, చప్పుడు మాత్రం భరించలేం. చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, పక్కింటివాళ్లు నిద్రపోయే వేళ మానుకోండి. ఒకే స్వరాన్ని ఫుల్ వాల్యూమ్‌లో నిమిషాల తరబడి వదిలేస్తే స్పీకర్ కాయిల్ వేడెక్కి మాడిపోతుంది.

చల్లడానికి ఏది వాడాలన్నది చిన్న విషయమేం కాదు. బొంబాయి రవ్వ మొదటిసారికి బాగుంటుంది. ఉప్పూ పనిచేస్తుంది గానీ వానాకాలంలో చెమ్మ లాగి ముద్దకడుతుంది, బాణలిలో వేయించి చల్లార్చాకే వాడాలి. నన్నడిగితే గరుకు ముగ్గుపిండికి మించింది లేదు, అయితే సన్నని జల్లెడతో పొడిని జల్లించి తీసేసి, పైన మిగిలిన పలుకుల్నే వాడాలి. ఎందుకంటే మెత్తటి పొడి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. గీతల మీదికి రాకుండా, పళ్లెం ఎక్కువగా ఊగేచోట చిన్న చిన్న కుప్పలుగా చేరి సుడులు తిరుగుతుంది. ఊగే పళ్లెం తన మీదున్న గాలిలో ప్రవాహాలు పుట్టిస్తుంది, తేలిక పొడిని ఆ గాలి లాక్కుపోతుంది. దీన్ని 1831లో వివరించింది మైకేల్ ఫారడే. టాల్కం పౌడర్, ముగ్గు పలుకులు కలిపి చల్లి చూడండి, రెండూ విడిపోయి చెరోచోటికి చేరడం కనబడుతుంది.

ఇంకో సంగతి. ఈ ఏర్పాటులో పళ్లాన్ని ఊపేదే నడిమి బోల్టు. కాబట్టి నడుమ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, గీతలు దాన్ని తప్పించుకుని చుట్టూ పోతాయి. క్లాడ్నీ పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: నడుమ బిగించి, అంచుని వయొలిన్ కమానుతో రాయడం. ఇంట్లో పాత కమాను ఉంటే స్పీకర్ లేకుండానే ఇది చేయొచ్చు. పళ్లాన్ని బోల్టుతో బల్లకి బిగించిన కర్రముక్క మీద నిలపండి. ఒక అంచు నడుమ వేలు ఆనించి, దాని పక్క మూలని కమానుతో నిలువుగా రాస్తే కూడిక గుర్తు వస్తుంది. మూల మీద వేలు పెట్టి అంచు నడుమ రాస్తే ఇంటూ గుర్తు వస్తుంది, స్వరమూ పైకి పోతుంది. వేలు పెట్టినచోట పళ్లెం కదలలేదు గనక గీత అటుగా రాక తప్పదు. కచేరీ చేసేవాళ్ల కమాను మాత్రం అడక్కండి, రేకు అంచు దాని వెంట్రుకల్ని కోసేస్తుంది.

వేరే కొలతల్లో చేయాలనుకునేవాళ్లకి ఒక లెక్క: రేకు మందం రెట్టింపైతే అదే బొమ్మ రెట్టింపు పౌనఃపున్యం దగ్గర వస్తుంది. పక్క కొలత రెట్టింపైతే నాలుగో వంతు దగ్గరే వస్తుంది.

అల్యూమినియం జోలికి పోవడం ఇష్టం లేనివాళ్లు స్టీలు గిన్నె మూతికి కోసిన బెలూన్ బిగించి, రవ్వ చల్లి, పక్కనుంచి గొంతెత్తి సాగదీసి పాడవచ్చు. ఊపిరి రవ్వకి తగలకుండా చూసుకోవాలి, అంతే. గుండ్రటి పొర కాబట్టి వలయాలూ, అడ్డగీతలూ వస్తాయి. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1934లో భారతీయ తాళవాద్యాల మీద ప్రచురించిన వ్యాసంలో మృదంగం మీద ఇలాగే సన్నని ఇసుక చల్లి గీతలు చూపించాడు. మామూలు తోలు పుట్టించే స్వరాలు పూర్ణాంకాల వరసలో ఉండవు. మృదంగం మూత నడుమ ఉన్న నల్లటి పూత బరువు వాటిని 1, 2, 3, 4, 5 వరసలోకి లాక్కొస్తుంది, అందుకే అది శ్రుతి పలుకుతుంది.

చివరగా గాలి

గాలిలో నిలిచిన అలకి రేణువులు చల్లడం ఇంట్లో అంత తేలిక కాదు. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కుంట్ గాజు గొట్టంలో సన్నని పొడి పోసి చేసి చూపించాడు. థర్మోకోల్ పూసలతో ప్రయత్నిస్తే అవి కాస్తా గొట్టం గోడలకి అతుక్కుంటాయి. చెవితో వెతికి, స్కేలుతో చూసే పద్ధతి మేలు.

అంగుళం పీవీసీ పైపు 35 సెంటీమీటర్ల ముక్క కోయించి, పై కొస నుంచి ప్రతి అర సెంటీమీటరుకీ మార్కర్‌తో గీతలు పెట్టండి. లోతైన బకెట్ నిండా నీళ్లు పోసి పైపుని నిలువుగా దాదాపు మొత్తం ముంచండి. ఫోన్‌లో 1000 హెర్ట్జ్ సన్నగా మోగిస్తూ, స్పీకర్ ఉన్న అంచుని పైపు మూతికి దగ్గరగా పట్టుకుని, పైపునీ ఫోన్‌నీ కలిపి నెమ్మదిగా పైకి లేపండి. ఫోన్ నీళ్లలో పడకుండా కవర్‌లో పెట్టుకోవడం మంచిది. నీటి పైన పైపు 8 సెంటీమీటర్ల దగ్గరికి రాగానే శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ గుర్తు పెట్టండి. ఇంకా లేపితే తగ్గి, మళ్లీ 25 దాటాక పెరుగుతుంది. అక్కడ రెండో గుర్తు.

రెండు గుర్తుల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం. దాన్ని రెట్టించి 1000తో గుణిస్తే గాలిలో శబ్దవేగం. 17.45 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే సెకనుకి 349 మీటర్లు, 30 డిగ్రీల గదికి సరైన విలువ అదే. మొదటి గుర్తు ఒక్కదానితో లెక్క కట్టకండి. అల పైపు మూతి దాటి కాస్త బయటికి పొడుచుకు వస్తుంది, ఆ తేడా రెండింటిలోనూ సమానం కాబట్టి తీసివేతలో పోతుంది.

కొలిచినప్పుడల్లా ఉష్ణోగ్రత పక్కన రాసుకోండి. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర ఒకసారి, ఎండాకాలం డాబా మీద 40 డిగ్రీల నీడలో, బకెట్‌లో నీళ్లు కూడా ఆ వేడికి వచ్చాక, ఇంకోసారి చేయండి. శబ్దవేగంలో తేడా సెకనుకి సుమారు 12 మీటర్లు. పైపు మీద అది 6 మిల్లీమీటర్లు, మామూలు స్కేలుకే దొరికిపోతుంది.