స్టూడియో సేవ – 4వ పాఠం: కొత్త గొంతు, మొదటి టేకు

గత పాఠంలో గదిని సిద్ధం చేశాం. దుప్పట్లు కట్టి ప్రతిధ్వని తగ్గించారు, ఫ్యాన్ ఆపి నిశ్శబ్దం ఎలా ఉంటుందో విన్నారు. ఇప్పుడు ఆ గదిలోకి పాట రాసిన మనిషి వస్తారు. చేతిలో కొట్టివేతలతో నిండిన నోట్‌బుక్, మనసులో బోలెడంత టెన్షన్. మైకు ముందు నిలబడటం ఇదే మొదటిసారి. ఆ మొదటి గంట ఎలా గడపాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

రాగానే మైకు దగ్గరకు తీసుకెళ్లకండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కలిసి ప్రార్థన చేసుకుని, పాట వినిపించమనండి. కీబోర్డు మాత్రం ముట్టుకోవద్దు. వాయిద్యం మొదలైతే కొత్తవారు తమ శృతి వదిలేసి దాని వెంట పడతారు. వాయిద్యం లేకుండా పాడినప్పుడు వాళ్ల గొంతు ఎక్కడ మొదలవుతుందో అదే వాళ్లకు హాయిగా ఉండే చోటు. ఆ స్వరాన్ని కాగితం మీద రాసుకోండి.

ఒకసారి ఒక అక్క వచ్చారు. జి మేజర్‌లో ఎవరో చేసిచ్చిన ట్రాక్ (పాటకు ముందే రికార్డు చేసిన సంగీతం) తెచ్చుకున్నారు. పల్లవి చక్కగా పాడారు గానీ, చరణం రెండో లైనుకొచ్చేసరికి గొంతు పట్టేసింది. మూడుసార్లు ఆగిపోయి, "నా వల్ల కాదు బ్రదర్, ఇంకెవరితోనైనా పాడించండి" అన్నారు. ట్రాక్ పక్కనపెట్టి, కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (వాయించే మీటలు మార్చకుండానే స్కేలు మార్చే సదుపాయం) రెండు మెట్లు దించి ఎఫ్ మేజర్‌లో వాయించాం. అదే లైను అక్క తడబడకుండా పాడేశారు. గొంతుకు సరిపడని స్కేలు ఇచ్చి, పాడటం రాదని నమ్మించడం చాలా అన్యాయం. అందుకే ఈ పని మీద ఎంత సమయం పోయినా ఫరవాలేదంటాను.

పద్ధతి ఇదీ. పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే లైను ఏదో కనిపెట్టండి. దాన్ని వరసగా మూడుసార్లు పాడమనండి. మూడోసారీ మెడనరాలు బిగుసుకోకపోతే స్కేలు కుదిరినట్టే. బిగుసుకుంటే ఒక్కో మెట్టూ దించుతూ రండి. ఆ తర్వాత అన్నిటికంటే కింది స్వరం కూడా వినండి. అది గొంతులోనే మింగేసినట్టుంటే మరీ దించేశారన్నమాట. మగవారి కోసం చేసిన ట్రాక్ ఆడవారికి చాలాసార్లు నాలుగైదు మెట్ల తేడాతో గానీ సరిపోదు.

టెంపో, అంటే పాట వేగం కూడా వాళ్లు పాడుతుండగానే ట్యాప్ చేసి చూసుకోండి. కంగారులో వేగం పెరుగుతుంది కాబట్టి రెండోసారి పాడినప్పటి లెక్క తీసుకోండి.

ఇక మైకు. నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలి మైకుకు తగలకుండా ఆపే జాలీ). మన పాటల్లో "ప్రభువా", "పరిశుద్ధుడా" లాంటి మాటలు ఎక్కువ. ప్రతి "ప"కీ ఒక గాలి దెబ్బ మైకుకు తగులుతుంది. అందుకే మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పండి. ఆ గాలి పక్కనుంచి పోతుంది. "స్తుతి", "స్తోత్రం" దగ్గర వచ్చే ఈల శబ్దం కూడా కొంత తగ్గుతుంది.

గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్న కొలత) సరిచేయడానికి "హలో, చెక్" చాలదు. చరణంలో గొంతు పెద్దదయ్యే లైనే పాడించండి. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే పీక్స్, అంటే శబ్దం అన్నిటికంటే పైకి చేరే చోట్లు, మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు, మైనస్ 6 దాటనివ్వకండి. తర్వాత పెంచుకోవచ్చు గానీ, పగిలిపోయిన శబ్దాన్ని మళ్లీ అతికించలేం.

హెడ్‌ఫోన్స్‌లో కొంచెం రివర్బ్ (పెద్ద హాలులో పాడినట్టు వినిపించే మోత) ఇవ్వండి, గొంతు వాళ్లకే బాగుందనిపిస్తుంది. రికార్డయ్యేది మాత్రం రివర్బ్ లేకుండానే ఉండాలి. గదిలో ఇద్దరికి మించి ఉండొద్దు. ఒకరు కంప్యూటర్ దగ్గర, ఇంకొకరు పాడేవారికి కనపడేలా ఎదురుగా.

రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, మధ్యలో ఆపకుండా మూడు పూర్తి టేకులు తీసుకోండి. తప్పు పాడినా సరే, చివరిదాకా వెళ్లనివ్వండి. మొదటి టేకు నుంచే లైను లైనుకూ ఆపి పంచింగ్ (ఆ ముక్క మాత్రమే మళ్లీ రికార్డు చేయడం) చేస్తే శృతి నిలుస్తుందేమో గానీ, ఆ పాట రాయించిన ప్రార్థన గొంతులోంచి వెళ్లిపోతుంది. అలాగని శృతి ఎలా ఉన్నా వదిలేయమని కాదు. కీర్తన 33:3లో ఇంపుగా వాయించమన్న మాట, ఉత్సాహధ్వని చేయమన్న మాట ఒకే వచనంలో ఉన్నాయి. మూడు టేకులయ్యాక కలిసి విని, పోయిన లైన్లు మాత్రమే పంచ్ చేయండి.

మాట మార్చాలనిపిస్తే అడగండి, మీరే మార్చేయకండి. పాట రాసినవారిది. ఉచితంగా రికార్డు చేసినంత మాత్రాన అందులో మనకు వాటా రాదు. ఈ మాట మొదటి రోజే కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ స్నేహితుల్లో ఎప్పుడూ రికార్డింగ్‌కు పాడని ఒకరిని పిలవండి. వాయిద్యం లేకుండా ఒక పల్లవి, ఒక చరణం పాడించి, వాళ్ల పై స్వరం, కింది స్వరం, టెంపో రాసుకోండి. స్కేలు కుదిరాక మూడు టేకులు తీసి, ఫైళ్లకు పేరు, తేదీ, టేకు నంబరు పెట్టి దాచండి. 5వ పాఠంలో ఆ మూడింటినే పక్కపక్కన పెట్టి, ఏ లైను ఏ టేకులోంచి తీసుకోవాలో చూద్దాం.