పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌లు: 2వ పాఠం - మకరందం కలపడం

పోయిన పాఠంలో కిటికీలోంచి కనపడేలా, మధ్యాహ్నం నీడ పడే చోట ఫీడర్ (హమ్మింగ్‌బర్డ్ అనే చిట్టి పిట్టలు తాగడానికి తీపినీళ్లు పోసి వేలాడదీసే పాత్ర) కొక్కెం బిగించుకున్నాం. ఈసారి అందులో పోసే మకరందం.

కొలత ఒక్కటే: ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్లు. మొదటిసారి పావు కప్పు పంచదార, కప్పు నీళ్లు చాలు. నీళ్లు వేడిచేసి, పంచదార కరిగేదాకా కలిపి దించేయండి. తీగపాకం అక్కర్లేదు. ఎక్కువసేపు మరిగితే నీళ్లు ఇగిరిపోయి కొలత తప్పుతుంది. బాగా చల్లారాకే ఫీడర్‌లో పోయాలి.

ఇక్కడ డాలస్‌లో మన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, "పంచదార మంచిది కాదు కదా, బెల్లం వేయొచ్చా?" అని. ప్రేమతో అడిగే మాటే, కానీ వేయకండి. బెల్లంలో, బ్రౌన్ షుగర్‌లో ఉండే ఇనుము ఈ పిట్టకి పడదు. తేనె కూడా వద్దు. నీళ్లు కలిపిన తేనె తొందరగా పులిసి బూజు పడుతుంది. ఈ పిట్టలు వాలే పువ్వుల్లో తీపి చాలావరకు సుక్రోజే, తెల్ల పంచదార కూడా అదే. ఎర్ర రంగు అసలు కలపొద్దు. ఫీడర్‌కున్న ఎర్రటి భాగం చాలు వాటిని పిలవడానికి.

కలపడం పది నిమిషాల పని. అసలు శ్రద్ధ పెట్టాల్సింది కడగడం మీద. టెక్సస్ ఎండల్లో రోజూ, లేదంటే రోజు విడిచి రోజు మార్చాలి. చల్లగా ఉంటే నాలుగైదు రోజులు ఆగొచ్చు. మకరందం మసకగా కనిపించినా, నల్ల మచ్చ ఒక్కటి వచ్చినా పారబోయండి, సగం మిగిలిందని చూడకండి. వేడినీళ్లు, కొంచెం వెనిగర్, సన్న బ్రష్‌తో రంధ్రాల లోపలిదాకా తోమి, బాగా కడగండి. మిగిలిన మకరందం ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. మన దగ్గరికొచ్చే రూబీ త్రోటెడ్ రకం పిట్ట బరువు మూడు గ్రాములకి అటూ ఇటూ. వాటిలో చాలా పిట్టలు మెక్సికో గల్ఫ్ మీదుగా దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరొస్తాయి. అలా వచ్చినదానికి పులిసిన నీళ్లు పెట్టడానికి నాకు చేతులు రావు.

చీమలు పడితే, లడ్డూల డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టే మన పద్ధతే. కాకపోతే నీళ్ల గిన్నె ఫీడర్‌కి పైన, కొక్కేనికి వేలాడుతుంది. తీగకి నూనె మాత్రం రాయకండి, ఈకలకి అంటుకుంటుంది.

ఒక మగపిట్ట ఫీడర్‌ని ఆక్రమించి మిగతావాటిని తరిమేస్తుంటే ఏం చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా ఫీడర్ ఎప్పుడు నింపారో, ఎప్పుడు కడిగారో క్యాలెండర్ మీద రాసిపెట్టండి.