చార్మినార్ దగ్గర ఒక రాత్రి ఎలా గడపాలి?

చాలామంది చార్మినార్‌ను పగలు ఎండలో చూసి, రెండు ఫోటోలు దిగి, సాయంత్రానికల్లా వెళ్లిపోతారు. పాతబస్తీలో అసలు సందడి మొదలయ్యేది ఆ తర్వాతే. అందుకే ఎవరు అడిగినా నేను ఒకటే చెప్తాను: ఒక్క రాత్రైనా అక్కడే ఉండండి.

ముందుగా ఏ రోజు వెళ్లాలో చూసుకోండి. రంజాన్ నెలైతే పత్తర్‌గట్టి, లాడ్ బజార్ దుకాణాలు సహరీ (తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే భోజనం) వేళ దాకా తెరిచే ఉంటాయి. చివరి పది రోజులు కాలు పెట్టే సందుండదు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే మొదటి రెండు వారాల్లోనే వెళ్లడం మేలు. ఈ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి క్యాలెండర్ చూసుకోవాలి. మామూలు రోజుల్లో అయితే సాయంత్రం ఆరింటికే అక్కడుండండి, రాత్రి పొద్దుపోయాక షట్టర్లు దించేస్తారు. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి. శనివారం నయం.

ఇక గది. అఫ్జల్‌గంజ్, మదీనా సెంటర్ చుట్టుపక్కల లాడ్జీలున్నాయి. కుటుంబంతో వస్తే అబిడ్స్, నాంపల్లి వైపు చూడండి. డబ్బు కట్టేముందు పైకెళ్లి గది చూడాల్సిందే. మొదటిసారి నేను చూడకుండా రోడ్డు వైపు గది తీసుకున్నాను. కిటికీ కిందే తవా మీద గరిటె మోత, ఆటో హారన్లు. మూడింటికి గానీ కన్ను మూతపడలేదు. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా ముందు అడిగేది "వెనకవైపు గది ఉందా అన్నా?" అనే. రాత్రి రెండింటికి వచ్చినా గేటు తీస్తారా అని కూడా అడగండి. అందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి.

కారు తీసుకెళ్లకండి. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లు. నాలుగు పెద్ద తోరణాల చార్‌కమాన్‌లో మొదటి కమాను దాటగానే దీపాల వెలుగులో చార్మినార్ ఎదురుగా నిలబడుతుంది. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని నడుస్తూ దగ్గరవుతూ చూడటమే అందం. ఆఖరి మెట్రో పదకొండు ప్రాంతంలో ఉంటుంది. ఆ తర్వాత క్యాబ్ కావాలంటే మదీనా దాకా నడిచొచ్చి బుక్ చేసుకోండి, రద్దీలో లోపలికి బండ్లు రావు.

తిండికి తొందరపడొద్దు. ముందు చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. డికాక్షన్ ఒక గిన్నెలో, చిక్కగా మరిగిన పాలు ఇంకో గిన్నెలో ఉంటాయి. కప్పులో రెండూ కలిసేటప్పుడు రంగు మారడం చూడండి. బిస్కెట్ ముంచి ఒక్క క్షణంలో తీసేయాలి, లేదంటే అడుగుకి జారిపోతుంది. రంజాన్‌లో శాలిబండ పిస్తాహౌస్ హలీం తినకుండా రావద్దు. వేడివేడిగా, నిమ్మకాయ పిండుకుని తినాలి.

కడుపు నిండాక లాడ్ బజార్. గాజుల షాపులు వందల్లో కనిపిస్తాయి గానీ, లక్క గాజులు చేస్తున్న చోట ఐదు నిమిషాలు ఆగండి. వేడికి మెత్తబడిన లక్కను తాడులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది గట్టిపడేలోపే ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. ఆ పని చూశాక బేరమాడేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి తగ్గుతుంది, తగ్గాలి కూడా. బేరం మాత్రం మామూలే. "భాయ్, సరిగ్గా చెప్పు" అంటే తెలుగులోనే జవాబొస్తుంది. రెండు మూడు షాపులు తిరిగాకే కొనండి. మనుషుల ఫోటోలు తీసేముందు అడగండి.

గుంపులో ఫోన్ ముందు జేబులోనే ఉండాలి. పిల్లల జేబులో మీ నంబర్ రాసిన చీటీ పెట్టండి. ఆడవాళ్లు ఒంటరిగా వస్తే జనం ఉన్న పెద్ద రోడ్లనే నమ్ముకోండి. సందుల్లో దగ్గరి దారులు వద్దు. ఇబ్బందైతే 112కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

గదికొచ్చి నాలుగు గంటలైనా పడుకుని, తెల్లవారాక మళ్లీ ఒకసారి బయటికి రండి. రాత్రి గుంపులో భుజాలు తగిలిన గుల్జార్‌హౌజ్ (చార్‌కమాన్ మధ్యలోని ఫౌంటెన్) దగ్గర పొద్దున్నే పొగలు కక్కే ఇడ్లీ, వెన్న దోసె దొరుకుతాయి. చెకౌట్ పన్నెండింటికా, ఇరవై నాలుగు గంటల లెక్కా అన్నది దిగినప్పుడే అడిగి ఉంటే, టిఫిన్ తిని వచ్చి హాయిగా ఇంకో నిద్ర తీయొచ్చు.