ఎక్కువ కట్టిన టీడీఎస్ వెనక్కి అడిగే ముందు

చీమకుర్తి క్వారీ కంపెనీలైనా నెల్లూరు రొయ్యల ఎగుమతిదారులైనా ముందు ఒకటి తేల్చుకోండి, టీడీఎస్ (ఇతరులకిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కింద ఎక్కువ కట్టిన ఆ డబ్బు ఎవరిది? చలానాలో 20,000 బదులు 2,00,000 కొట్టేసి మీ జేబులోంచి కట్టుంటే అది మీది. కానీ లారీ ఓనర్ బిల్లులో 1 శాతం కోయాల్సిన చోట 2 శాతం కోసి, మీ టీడీఎస్ రిటర్న్‌లో చూపించి, అది ఆయన పేరిట పడ్డ పన్ను చూపే 26ఏఎస్‌లో కూడా పడిపోయాక రీఫండ్ ఆయన తన రిటర్న్‌లో అడగాలి, మీరు కాదు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

మీదే అయితే టీడీఎస్ లెక్కలు చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ ట్రేసెస్‌లో లాగిన్ అయ్యి ఆ చలానాలో వాడకుండా మిగిలింది ఎంతో చూడండి. మిగిలినంతే అడగగలరు. వచ్చే క్వార్టర్ బాకీకి అది సర్దుబాటయ్యేలా ఉంటే రీఫండ్ జోలికి పోకపోవడమే నయం, నా మాట వినండి.

మీ టాన్ (టీడీఎస్ కోసి కట్టేవాళ్ల నంబరు) మీద పాత డిమాండ్, అంటే శాఖ అడుగుతున్న బాకీ, ఉందా? లేట్ ఫీజు, వడ్డీ లాంటి చిల్లర బాకీ ఉన్నా క్లెయిమ్ ముందుకు కదలదు, ముందు అది తీర్చండి.

డిజిటల్ సిగ్నేచర్ గడువు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ సరిచూసుకోండి.

1961 ఆదాయపు పన్ను చట్టం కింద కట్టినదానికి రీఫండ్ అడిగే దరఖాస్తు ఫారం 26బి. అది పంపాక అదే చలానాని మీ అకౌంటెంట్ ఇంకో రిటర్న్‌కి తగిలించకుండా ముందే చెప్పి పెట్టండి, ఒంగోలులో ఆడిటర్ ఒకరు, ఆఫీసులో ఫైల్ చేసేది ఇంకొకరు అయితే మరీ ముఖ్యం.