పికప్ పెంచితే వారంటీ ఎక్కడ తెగుతుంది?

"ఏటీ అవదు బాబూ, సర్వీసుకెళ్లే ముందు పాత సైలెన్సర్ ఎక్కించేద్దాం." శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా బండ్లకు పికప్ పెంచే షెడ్డుల్లో వినబడే మాట ఇదే. ఇందులో సగం నిజం. సైలెన్సర్ వెనక్కి ఎక్కుతుంది. ఆర్నెల్లు గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడి కాలిన ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం వెనక్కి రాదు, ఇంజను కంప్యూటర్‌లో పడిన గుర్తూ పోదు.

ముందుగా రెండు అపోహలు. మార్పు చేసిన రోజే వారంటీ మొత్తం రద్దయిపోతుందని కొందరంటారు. ఆ భాగం వల్లే చెడిందని కంపెనీ నిరూపించేదాకా మనకేం ఢోకా లేదని ఇంకొందరు. రెండో మాట ఎక్కువగా అమెరికా వీడియోల నుంచి వస్తుంది. తన సామాన్లే వాడాలని కంపెనీ షరతు పెట్టకుండా అక్కడ 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ఉంది. అది మన దగ్గర చెల్లదు. ఇక్కడ చూడాల్సినవి రెండే: బండితో ఇచ్చిన వారంటీ పుస్తకం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం.

పుస్తకంలో 'వారంటీ వర్తించనివి' అన్న పేజీ తీయండి. వాక్యం రెండు రకాలుగా ఉంటుంది. 'మార్పుల వల్ల కలిగిన లోపాలకు వర్తించదు' అని ఉంటే మార్పుకూ లోపానికీ లంకె ఉండాలి. సైలెన్సర్ మార్చినందుకు పవర్ విండో మోటారు క్లెయిము ఆపలేరు. 'మార్పు చేసిన వాహనానికి వర్తించదు' అని ఉంటే మీ పరిస్థితి బలహీనం. వాదించవచ్చు గానీ, ఆ వాదన షోరూమ్ కౌంటర్ దగ్గర తేలదు. టైర్లకూ బ్యాటరీకీ వారంటీ ఇచ్చేది ఎక్కువగా వాటి తయారీదారులే, ఆ కార్డులు విడిగా చదవండి.

ఇక ఏ మార్పు ఎక్కడ దెబ్బ కొడుతుందో చూద్దాం. క్లెయిములు ఎక్కువగా తెగేది రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్‌లోని ఫైలు మార్చి రాయడం) దగ్గరనుకుంటారు. మన ఊళ్లలో అంతకంటే మామూలు కారణం వైరింగు. హెడ్‌లైటు హెచ్4 బల్బు 60/55 వాట్లది తీసి 100/90 పెడతారు. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగితే, 100 వాట్లది 8.3 లాగుతుంది. వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 2.8 రెట్లవుతుంది. ముందు హోల్డరు గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత ప్లాస్టిక్ మెత్తబడుతుంది, చివరికి స్విచ్ కాంటాక్టు మాడుతుంది. సర్వీస్ అడ్వైజర్ మొదట చూసేది ఆ గోధుమరంగు, దాని పక్కన నల్ల ఇన్సులేషన్ టేపు. టేపు కనబడిందంటే హార్నెస్ (కంపెనీ వైర్ల కట్ట) కోసినట్టే. ఆ తర్వాత ఏ ఎలక్ట్రికల్ క్లెయిమైనా ఆ టేపు మీదికే తోస్తారు. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రపు గాలికి టేపు కింది అతుకు పచ్చగా చిలుం పట్టడానికి ఒక్క వానాకాలం చాలు.

ఫాగ్ లైట్లు కావాలంటే హార్నెస్ కోయకండి. రెండు 20 వాట్ల లైట్లు 3.3 ఆంపియర్లు లాగుతాయి. 1 చదరపు మి.మీ. రాగి వైరు, విడి రిలే, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే 5 ఆంపియర్ల ఫ్యూజు. కారులో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉంటే ఎర్త్ వైరు దాని మీద కాకుండా బాడీకి బిగించాలి. లేకపోతే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, చార్జింగ్ తప్పుతుంది. రిలేను ఆన్ చేసే సిగ్నలు కూడా వైరు కోయకుండా మధ్యలో తగిలించే కప్లర్ అడాప్టర్ ద్వారానే తీసుకోండి.

బైకులకు పొగను అడ్డం లేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్, డబ్బా లేని ఓపెన్ గాలి ఫిల్టర్ (కోన్ ఫిల్టర్) జంటగా వేస్తారు. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ మామూలు వేగంలో పెట్రోలును కొంతవరకు సర్దుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం ఇంజను మెమరీలో ఉన్న లెక్కనే నమ్ముతుంది. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడి వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలుతుంది. ఇంకో సంగతి దుమ్ము. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దారిలో, ఇసుక లారీల వెనకాల రోజూ తిరిగే బండికి ఓపెన్ ఫిల్టర్ వేయడమంటే బోరులోకి గరుకు కాగితం తోసినట్టే. సిలిండర్ గోడ మీద నిలువు గీతలు పడతాయి. హెడ్ విప్పి ఫోటో తీస్తే అవి దాచలేం. నూనె పూసిన ఫిల్టరైతే, కార్లలో ఆ నూనె గాలి సెన్సర్ తీగకు అంటి రీడింగు తప్పుతుంది. శుభ్రం చేశాక నూనె ఎక్కువ కొట్టడమే దీనికి కారణం.

స్ప్రాకెట్ సంగతి చాలామందికి తట్టదు. ముందు పళ్లచక్రం 15 నుంచి 14కి తగ్గిస్తే, వెనక 45 ఉన్నప్పుడు నిష్పత్తి 3.00 నుంచి 3.21 అవుతుంది. ఎత్తు దారిలో లాగుడు బాగుంటుంది, కానీ అదే వేగానికి ఇంజను 7 శాతం ఎక్కువ తిరుగుతుంది. స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్సు దగ్గరున్న బండిలో మీటరు కూడా 7 శాతం ఎక్కువ చూపుతుంది. అంటే 30,000 కి.మీ. వారంటీ నిజానికి 28,000కే అయిపోతుంది. సెన్సర్ ముందు చక్రానికి ఉంటే ఈ బాధ లేదు.

కార్లకు పెద్ద టైర్లు వేస్తే లెక్క ఎదురు తిరుగుతుంది. 185/65 ఆర్15 వ్యాసం 621.5 మి.మీ., 205/65 ఆర్15 ది 647.5. మీటరు 80 చూపినప్పుడు బండి 83 మీద ఉంటుంది. తర్వాత వీల్ బేరింగు గానీ సస్పెన్షన్ బుష్ గానీ పోతే, ఆ చక్రాలతో కౌంటర్ దగ్గర గెలవడం కష్టం.

డీజిల్ రీమ్యాప్‌లో టార్క్ పావు వంతు పెరిగిందనుకోండి, ఆ భారం ముందు క్లచ్ మీద, తర్వాత టర్బో మీద, పిస్టన్ తల మీద పడుతుంది. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండిలో పొగమసి పెరిగి డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ తరచూ నిండుతుంది. పాత ఫైలు తిరిగి ఎక్కిస్తే సరిపోతుందనేది భ్రమ. చాలా ఇంజను కంప్యూటర్లు ఎన్నిసార్లు రాశారో లెక్క ఉంచుకుంటాయి. కంపెనీ స్కానర్ పెట్టి ఆ లెక్కను సర్వీసు రికార్డుతో పోలిస్తే తేడా బయటపడుతుంది. 'ట్యూనింగ్ బాక్సు' అనే డబ్బా కంప్యూటర్‌ను ముట్టదు. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం (కామన్ రైల్) లోని ప్రెజర్ సెన్సర్ సిగ్నలును తక్కువ చేసి చూపి పంపుతో ఎక్కువ ఒత్తిడి పెట్టిస్తుంది. తీసేస్తే ఫైలులో గుర్తుండదు గానీ, నడిపిన రోజుల్లో ఏ ఫాల్ట్ కోడైనా పడి ఉంటే, అప్పటి కి.మీ.తో సహా మెమరీలో మిగిలే వీలుంది. కనెక్టర్ మీద గీతలు సరేసరి.

సాలూరు లారీల వాళ్లకు పికప్ కంటే కమాన్ పట్టీల గొడవ ఎక్కువ. లోడు కోసం పట్టీ అదనంగా వేస్తే కుదుపు చాసిస్‌కూ ఆక్సిల్‌కూ నేరుగా వెళుతుంది. కొత్త లారీకి ఆ రెండు భాగాల మీద క్లెయిము ఆశ వదులుకున్నట్టే.

వీటిలో ఏది వేయాలనుకున్నా నట్టు విప్పక ముందే కొంత పని ఉంది. కంపెనీ కస్టమర్ కేర్‌కు చాసిస్ నంబరుతో ఈమెయిల్ పెట్టి, ఫలానా భాగం వేస్తే ఏయే భాగాల వారంటీ పోతుందో అడగండి. షోరూమ్‌లో నోటిమాటకు విలువ లేదు. కంపెనీ యాక్సెసరీయే కొంటే బిల్లులో పార్ట్ నంబరు పడాలి. ఉత్త 'యాక్సెసరీస్' అని రాసి బయటి సరుకు బిగించడమూ జరుగుతుంది. మీటరు రీడింగు కనబడేలా ఫోటోలు తీసి, స్కాన్ రిపోర్టు ప్రింటు తీసుకోండి. విప్పిన పాత సామాన్లు అమ్మకండి. సైలెన్సర్‌ను ప్లాస్టిక్ కవరులో చుడితే లోపలి చెమ్మకు తుప్పు పడుతుంది. నూనె గుడ్డతో తుడిచి గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టండి.

వారంటీ వేరు, చట్టం వేరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఎ(4) ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు దాటితే 190(2) కింద మొదటిసారికే 10,000 వరకు. ఫిల్టర్ పీకేసిన బీఎస్6 డీజిల్‌కు వారంటీ గురించి మాట్లాడటమే దండగ.

బండి చెడింది, షోరూమ్ కాదంది అనుకుందాం. మార్చిన భాగం అప్పటికప్పుడు పీకి దాచకండి. అది బయటపడితే మీ మిగతా మాట కూడా నమ్మరు. జాబ్ కార్డులో లక్షణం మీ మాటల్లో రాయించండి: ఎన్ని కి.మీ. దగ్గర, ఏ వేగంలో, ఏం శబ్దం. 'మార్పు వల్ల చెడింది, ఒప్పుకుంటున్నాను' అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. ఇంజను విప్పే ముందు ఎస్టిమేటు అడగండి, విప్పేటప్పుడు దగ్గరుండి ఫోటోలు తీయండి, చెడిన భాగం పారేయొద్దని రాసివ్వండి. తిరస్కరణ కాగితం మీద ఇవ్వమనండి. ఏ మార్పు, ఏ భాగాన్ని, ఎలా చెడగొట్టింది అన్న మూడూ అందులో ఉండాలి. ఉత్త 'మోడిఫైడ్ వెహికల్' అంటే అది కారణం కాదు, తప్పించుకోవడం.

అక్కడ తేలకపోతే కంపెనీకి ఈమెయిల్, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. బండి విశాఖలో కొన్నా, మీరుండేది శ్రీకాకుళం జిల్లాలో అయితే ఇక్కడే కేసు వేయవచ్చు. 2019 చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. గడువు వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు. పరీక్ష అవసరమైన లోపమైతే కమిషన్ ఆ భాగాన్ని ల్యాబుకు పంపగలదు, అందుకే దాన్ని పారేయొద్దన్నది. సొంతంగా నడుపుకుని బతికే ఒక్క లారీ ఓనరు కూడా వినియోగదారుడే. పది లారీలు తిప్పే ట్రాన్స్‌పోర్టుకు మాత్రం ఈ దారి సాధారణంగా దొరకదు, సివిల్ కోర్టుకు పోవాలి.